గంట మోగేదాకా

షెల్బీ లైమన్ అని ఒకాయన ఉండేవాడర్రా. పోయి ఆరేళ్ళు దాటింది. 2019 ఆగస్టు 11న, న్యూయార్క్ రాష్ట్రంలో జాన్సన్ సిటీ అనే ఊళ్ళో, 82 ఏళ్ళకి పోయాడు. మీలో ఎవరూ ఆ పేరు విని ఉండరు. ఆ మాటకొస్తే మీ నాన్నా వినలేదు. నాకు చదరంగం నేర్పిన మనిషి ఆయన. నన్ను ఎన్నడూ చూడలేదు, నేనొకణ్ణి ఉన్నానని కూడా ఆయనకి తెలీదు. టీవీలో కనపడేవాడు, నేను కూర్చుని నేర్చుకునేవాణ్ణి, అంతే సంబంధం.

ఆ పుల్ల కాస్త లోపలికి తొయ్యరా చిన్నోడా, పొగంతా మీ నాయనమ్మ మీదికే పోతోంది. ఇప్పుడే అక్షింతలు పడతాయి. ఆఁ, చాలు.

అంతకుముందు నాకు చదరంగం రాదని కాదు. మా తాతగారు వీధరుగు మీద సుద్దముక్కతో గళ్ళు గీసి ఆడేవారు. ఆయన ఆట వేరు. బంటు మొదటి ఎత్తులోనైనా సరే, ఒక్క గడే కదలాలి. రాజుని మూలకి చేర్చి ఏనుగుని పక్కన నిలబెట్టే ఎత్తు లేదు. దానికి బదులు రాజు ఆట మొత్తంలో ఒకే ఒక్కసారి గుర్రంలాగా దూకొచ్చు. ఆ రూల్సు పట్టుకుని నేను గుంటూరు మెడికల్ కాలేజీ హాస్టల్లో ఆడబోతే కుర్రాళ్ళు పడీపడీ నవ్వారు. అక్కడ ఇంటర్నేషనల్ రూల్సు పట్టుబడ్డాయి. ఆడేవాణ్ణి, గెలిచేవాణ్ణి కూడా. అయితే ఎదుటివాడి ఎత్తు చూసి, వీడి బుర్రలో ఏముందబ్బా అని ఆలోచించడం మాత్రం నాకెవరూ చెప్పలేదు.

చదువయ్యేసరికి అమెరికా తలుపులు తెరిచి ఉన్నాయి. 1965లో వాళ్ళు వలస చట్టం మార్చారు. అక్కడ ఆసుపత్రులకి డాక్టర్లు చాలటం లేదు, ఇక్కడ మాకు ఉద్యోగాలు చాలటం లేదు. అలా 1971లో బ్రూక్లిన్‌లో తేలాను. పాత బిల్డింగ్, నాలుగో అంతస్తు, లిఫ్టు దాని ఇష్టం వచ్చినప్పుడు నడిచేది. నాతోపాటు తెనాలి వైపు డాక్టరొకడు, బరోడా నుంచి వచ్చిన ఇంజనీరొకడు. ముగ్గురికీ కలిపి ఒక సెకండ్‌హ్యాండ్ టీవీ, బ్లాక్ అండ్ వైట్‌ది, పైన రెండు కమ్మీల యాంటెన్నా. బొమ్మ కుదురుగా రావాలంటే ఒకడు ఆ కమ్మీలు పట్టుకుని నిలబడాలి. ఆ డ్యూటీ ఎప్పుడూ బరోడావాడిదే, ఇంజనీరు కదా అని.

నాకు రాత్రి డ్యూటీలు. పొద్దున్నే వచ్చి పడుకుని మధ్యాహ్నానికి లేచేవాణ్ణి. 1972 వేసవి అది. ఏసీ అనే మాటే లేదు, కిటికీలన్నీ బార్లా తీసి బనీన్లతో కూర్చునేవాళ్ళం.

ఆ వేసవిలో జరిగిన ప్రపంచ చదరంగం పోటీ సంగతి మీకు కొంచెం చెప్పాలి. 1948 నుంచీ ప్రపంచ ఛాంపియన్ అంటే సోవియట్ వాడే. బోట్విన్నిక్, స్మిస్లోవ్, తాల్, పెట్రోస్యాన్, స్పాస్కీ. వాళ్ళలో వాళ్ళే కిరీటం చేతులు మార్చుకునేవాళ్ళు. అలాంటిది 29 ఏళ్ళ బాబీ ఫిషర్, తైమనోవ్‌ని 6–0, లార్సెన్‌ని 6–0, ఆ తర్వాత పెట్రోస్యాన్‌నీ ఊడ్చేసి స్పాస్కీ ముందుకొచ్చి నిలబడ్డాడు. ఫిషర్ పెరిగింది మా బ్రూక్లిన్‌లోనే. చదువు మధ్యలో మానేసిన ఎరాస్మస్ హాల్ హైస్కూలు ముందు నుంచే మా బస్సు పోయేది. చదరంగంలో ఓనమాలు తెలీని డ్రైవరు కూడా అటు వేలు చూపించి చెప్పేవాడు.

పోటీ ఐస్‌లాండ్ రాజధాని రేక్‌యావిక్‌లో. ప్రారంభోత్సవానికి పెళ్ళికొడుకే రాలేదు. డబ్బు చాలదని భీష్మించుకుని కూర్చున్నాడు. లండన్‌లో జిమ్ స్లేటర్ అనే ధనవంతుడు తన జేబులోంచి 50,000 పౌండ్లు తీసి బహుమతిని రెట్టింపు చేస్తే అప్పుడు విమానం ఎక్కాడు. అలా సాగీ సాగీ మొదటి ఆట జులై 11, మంగళవారం నాటికి కుదిరింది. అక్కడ సాయంత్రం అయిదు, మాకు మధ్యాహ్నం ఒంటిగంట. నేను నిద్రలేచే వేళ. టీవీ పెడితే 13వ ఛానల్లో లైమన్ ఉన్నాడు.

మరి ఏం చూపిస్తారనుకున్నారు? ఆట కనపడదు! ఫిల్మ్ హక్కులు చెస్టర్ ఫాక్స్ అనే ఆయన కొనుక్కున్నాడు. ఫిషర్‌కేమో కెమెరా చప్పుడు వినపడితే చాలు, ఒంటి మీద తేళ్ళు పాకేవి. గొడవపడి గొడవపడి ఆ కెమెరాలు తీయించేదాకా ఊరుకోలేదు. కాబట్టి న్యూయార్క్‌లో కూర్చున్నవాడికి చేరేది ఎత్తు ఒక్కటే. అక్కడ పావు కదిలితే ఆ ముక్క తంతి మీద వచ్చేది, స్టూడియోలో టింగుమని గంట మోగేది. రెండు మూడు అక్షరాలు, ఒక అంకె. మళ్ళీ ఇంకోటి ఎప్పుడొస్తుందో దేవుడికెరుక. అయిదు నిమిషాలు పట్టొచ్చు, అరగంటా పట్టొచ్చు.

ఆ రెండు గంటల మోతల మధ్య జనాన్ని కూర్చోబెట్టడం ఆ మనిషి పని. అప్పటికి 35 ఏళ్ళవాడు. టీవీ మనిషి కాదు. హార్వర్డ్‌లో చదివి, కాలేజీలో సోషియాలజీ చెప్పి, తర్వాత చదరంగం పాఠాలు చెప్పుకుంటూ బతుకుతున్నవాడు. గ్రాండ్‌మాస్టర్ కూడా కాదు, మాస్టర్. ఆయన దగ్గర నేర్చుకునే ఒకాయన పబ్లిక్ టెలివిజన్‌లో పనిచేసేవాడు. ఆయన పూనుకుంటేనే ఇది మొదలైందట. ఆల్బనీలో స్టూడియో. గోడకి నిలువెత్తు బోర్డు, పక్కన ఒకరిద్దరు అతిథులు, అంతకుమించి హంగూ లేదు, ఆర్భాటమూ లేదు. ఆట సాగినంతసేపూ, అయిదేసి గంటలు, అదే.

మొదటి ఆటలో తెల్లవి స్పాస్కీవి. చప్పగా నడిచింది. మంత్రులు, ఏనుగులు, గుర్రాలు అన్నీ మారిపోయి చెరో శకటు, చెరో ఆరు బంట్లు మిగిలాయి. ఇంకేముంది డ్రా అని మా తెనాలివాడు కాఫీ పెట్టడానికి వంటింట్లోకి పోయాడు. గంట మోగింది. 29వ ఎత్తు. ఫిషర్ శకటు వెళ్ళి హెచ్2 గడిలో ఉన్న బంటుని తినేసింది.

చిన్నోడా, నువ్వు నవ్వుతున్నావంటే నీకు తెలిసిందన్నమాట. అమ్మడికి తెలీదు, చెప్తానుండు. ఆ బంటుకి కాపలా లేదు. లేకపోయినా తినకూడదని ఆట కొత్తగా నేర్చుకునేవాడికి మొదటి వారంలోనే చెప్తారు. తెల్లవాడు పక్కనున్న బంటుని జీ3కి, ఒక్క గడి, జరిపితే శకటుకి తిరిగొచ్చే దారి మూసుకుపోతుంది. ఆ పైన రాజు తీరుబడిగా నడిచొచ్చి దాన్ని పట్టుకుంటాడు. ఇది ఫిషర్‌కి తెలీదా? మా గదిలో అయితే తంతిలో ఏదో తప్పొచ్చిందనే అనుకున్నాం. తెనాలివాడు కాఫీ గిన్నె పట్టకారుతో అలాగే పట్టుకుని వచ్చి టీవీ ముందు నిలబడిపోయాడు.

ఇలాంటప్పుడే లైమన్ పద్ధతి ఏమిటో తెలిసేది. ఎత్తుని తిట్టడు, ఆకాశానికీ ఎత్తడు. బోర్డు మీద పెట్టి, ఇది ఎందుకు వేసి ఉంటాడు అని మొదలుపెడతాడు. అతిథిని అడుగుతాడు, చూస్తున్న మనల్ని అడుగుతాడు. తర్వాతి ఎత్తేమిటో ముందే చెప్పమంటాడు. చెప్పింది తప్పైనా తోసెయ్యడు. దాన్నీ బోర్డు మీద నాలుగెత్తులు ఆడించి, ఎక్కడ చెడిందో అక్కడ ఆపి, మళ్ళీ పావులన్నీ ఎక్కడివక్కడ పెడతాడు. ఈలోపు గంట మోగుతుంది. అప్పుడు మనం అనుకున్నదీ, అక్కడ వేసిందీ పక్కపక్కన పెట్టి చూసుకోవడం. ఆయనకి జవాబు తెలిసి దాచిపెట్టి అడగటం కాదు సుమా. నిజంగా తెలీదు. మాకెంత తెలుసో ఆయనకీ అంతే తెలుసు. కాకపోతే తెలీనిదాని చుట్టూ ఎలా తిరగాలో ఆయనకి బాగా తెలుసు.

ఆ ఆట మర్నాడు ఫిషర్ ఓడిపోయాడు, 56వ ఎత్తుకి. రెండో ఆటకి అసలు రానేలేదు, కెమెరాలు ఉంటే ఆడనన్నాడు. గడియారం ఒక గంట నడిపి, ఆట స్పాస్కీకి రాసేశారు. 2–0. ఇక మూటాముల్లే సర్దుకుని వస్తాడనుకున్నారంతా. అమెరికా ప్రభుత్వంలో పెద్దతలకాయ, కిసింజరంతటివాడు ఫోన్ చేసి ఆడమని బతిమాలాడు. చివరికి మూడో ఆట జనం లేకుండా వెనకాల గదిలో ఆడదామంటే స్పాస్కీ ఒప్పుకున్నాడు. ఒప్పుకోకుండా గెలిచానని ఇంటికి పోవచ్చు. పోలేదు. ఆయన పెద్దమనిషి. ఈమధ్యనే, 2025 ఫిబ్రవరిలో పోయాడు పాపం.

మూడో ఆట ఆదివారం, జులై 16. ఇది నాకు కళ్ళకి కట్టినట్టుంది. ఆ పూట మా గదిలో స్నానాలగది పైపు కారుతోందంటే బిల్డింగ్ చూసుకునే పోర్టోరికో ఆయన రెంచి పట్టుకుని వచ్చాడు. యాభై దాటిన మనిషి, పొట్టిగా ఉండేవాడు, మాటతక్కువ. టీవీలో బోర్డు చూసి గుమ్మంలోనే ఆగాడు. అప్పుడే 11వ ఎత్తు వచ్చింది. ఫిషర్ గుర్రం బోర్డు చివరికంటా, హెచ్5కి పోయి కూర్చుంది. తెల్ల శకటు దాన్ని కొట్టేయొచ్చు. కొడితే నల్ల రాజు ముందున్న బంట్ల వరస చెదిరిపోతుంది, ఒకే నిలువులో రెండు బంట్లు ఒకదాని వెనకొకటి చేరతాయి. స్టూడియోలో ఎందుకు, ఎందుకు అని లైమన్ తవ్వుతున్నాడు. మేం ముగ్గురం మూడు కారణాలు చెప్పాం. పోర్టోరికో ఆయన రెంచి కిందపెట్టి, మా బోర్డు దగ్గర గొంతుకు కూర్చుని, ఆ బంటు తొలిగితే నల్ల రాజు ముందు నిలువు వరస ఖాళీ అవుతుంది చూడండి, అది వాడికి కాదు, స్పాస్కీకే ప్రమాదం అన్నాడు. వేలితో నల్ల మంత్రిని చూపించి, ఇది ఇటు వస్తుంది అని హెచ్4 గడి మీద తట్టాడు.

స్పాస్కీ గుర్రాన్ని కొట్టాడు. ఇంకో నాలుగు గంటలు మోగాయి. ఆ పైన మోగిన గంటకి లైమన్ కాగితం చూసి నల్ల మంత్రిని తీసి హెచ్4లో పెట్టాడు.

మా ఇంజనీరు యాంటెన్నా వదిలేసి చప్పట్లు కొట్టాడు, బొమ్మ పోయింది. ఆయన మాత్రం ఏమీ జరగనట్టే రెంచి తీసుకుని స్నానాలగదిలోకి పోయాడు, రెండు నిమిషాల్లో మళ్ళీ వచ్చి కూర్చున్నాడు. పైపు ఆ వారమంతా కారుతూనే ఉంది. స్పాస్కీ మీద ఫిషర్ జీవితంలో గెలిచిన మొదటి ఆట అది. తర్వాత అడిగితే తెలిసింది, ఆయనకి చదరంగం ఎవరూ నేర్పలేదు, పార్కులో ఆడేవాళ్ళ వెనక నిలబడి చూసిందేనట. నోరు విప్పి చెప్పడం మాత్రం మా గదిలోనే మొదలుపెట్టాడు. టీవీలో ఆ మనిషి అడుగుతున్నాడు, అడిగితే చెప్పాలి కదా అనేవాడు.

ఆ వేసవిలో ఊరంతా ఇదే. ఎవరో విలేకరి ఒక మధ్యాహ్నం న్యూయార్క్‌లో 21 బార్లు తిరిగితే 18 బార్లలో చదరంగం పెట్టి ఉందట, మూడింట్లోనే మెట్స్ వాళ్ళ బేస్‌బాల్. తాగేవాళ్ళు గ్లాసు పట్టుకుని శకటు ఎటు పోవాలో వాదించుకుంటున్నారు. అదే సమయంలో డెమొక్రాట్ల పెద్ద సభ జరుగుతుంటే, ఛానల్ వాళ్ళు చదరంగం ఆపి అది చూపించబోయారు. ఫోన్లు మీద ఫోన్లు, తిట్లు. మళ్ళీ చదరంగం పెట్టారు. గంటల తరబడి ఒక గోడ బోర్డు చూపిస్తే రాజకీయం ఓడిపోయిందంటే మీ నాన్న నమ్మడు. నమ్మకపోతే మానెయ్.

మీ చిన్నతాతయ్య అప్పుడు బాపట్లలో చదువుతున్నాడు. వాడికి చదరంగం పిచ్చి నాకంటే ఎక్కువ. నీలం రంగు ఎయిరోగ్రామ్ మీద ప్రతి ఆటా ఎత్తు ఎత్తునా రాసి పంపించేవాణ్ణి. మడతపెట్టే అంచుల మీద కూడా రాసేవాణ్ణి, ఒక్క మూల వదిలేవాణ్ణి కాదు. చేరేసరికి పది పన్నెండు రోజులు. వాడు తిరుగుటపాలో ఏం రాశాడో తెలుసా? అన్నయ్యా, ఎత్తులు ఇక్కడ పేపర్లో మర్నాడో ఆ మర్నాడో వస్తూనే ఉన్నాయి, వాటితో కాగితం పాడుచెయ్యకు, ఎత్తుకీ ఎత్తుకీ మధ్య మీ టీవీ ఆయన ఏమేం అన్నాడో అది రాయి, అని. ఆ రోజు నుంచి పక్కన పెన్సిలు పెట్టుకుని కూర్చున్నాను. ఎత్తులు రాయలేదు. ఈ బంటుని తినొచ్చు కదా, ఎందుకు తినలేదు? తింటే ఇది, ఇది, ఇది. అలా రాసుకుపోయేవాణ్ణి. రాస్తే గానీ తెలిసింది కాదు, నాకెంత అర్థమయిందో. నిజంగా చదరంగం వచ్చింది నాకు అక్కడే. వాడికీ అక్కడే వచ్చింది, ఇప్పటికీ నన్ను ఓడిస్తాడు.

ఆరో ఆట చాలామంది చెప్పుకుంటారు. జులై 23. దాదాపు ఎప్పుడూ రాజు ముందు బంటుతో మొదలుపెట్టే ఫిషర్ ఆ రోజు వేరేగా మొదలెట్టి, స్పాస్కీకి కొట్టినపిండి అయిన ఆటలోనే స్పాస్కీని గెలిచాడు. అయిపోయాక జనంతోపాటు స్పాస్కీ కూడా చప్పట్లు కొట్టాడు. మాకా చప్పట్లు కనపళ్ళేదు, వినపళ్ళేదు. మాకొచ్చింది స్పాస్కీ వదులుకున్నాడన్న మాట ఒక్కటే. మిగతాది పేపర్లో చదువుకున్నాం.

ఈగల కథ చెప్పమంటావా? చెప్తా, అదెంతసేపు. ఆగస్టులో సోవియట్ వాళ్ళు, మా వాణ్ణి ఏవో యంత్రాలు పెట్టి, మందులు పెట్టి చెడగొడుతున్నారని గోలపెట్టారు. పోలీసులొచ్చి కుర్చీలకి ఎక్స్‌రే తీశారు, పైనున్న దీపాలు విప్పారు. దొరికింది రెండు చచ్చిన ఈగలు.

లైమన్‌ని మరీ దేవుణ్ణి చేసి చెప్పటం లేదు నేను. విసుగొచ్చిన రోజులున్నాయి. 14వ ఆట నుంచి 20వ ఆట దాకా ఏడు ఆటలు వరసగా డ్రా. మా తెనాలివాడు నాలుగో డ్రాకి టీవీ ముందు నుంచి లేచిపోయి మళ్ళీ రాలేదు. బార్లలో కూడా బేస్‌బాల్ తిరిగొచ్చి ఉంటుంది. నాకైతే ఆ ఏడు ఆటల్లోనే లైమన్ ఎక్కువ నచ్చాడు. గొప్ప ఎత్తు వచ్చినప్పుడు ఎవడైనా మాట్లాడతాడు. ఏమీ జరగని బోర్డు ముందు నిలబడి, ఏమీ జరగకపోవడానికి ఇద్దరూ ఎంత చాకిరీ చేస్తున్నారో చూపించాలి, అదీ కష్టం. ఇతను ఇక్కడికి రాకుండా ఆయన ముందే అడ్డుపెట్టాడు, ఆయన అడ్డుపెట్టాడని ఇతను దారి మార్చాడు. డ్రా అంటే ఊరికే చేతులు కలుపుకోవడం కాదని నాకు అప్పుడు తెలిసింది. బంట్లు, రాజులు మాత్రమే మిగిలిన ఆటలు ఎలా ఆడాలో కూడా అప్పుడే పట్టుబడింది.

21వ ఆట ఆగస్టు 31న మధ్యలో ఆగింది. మర్నాడు కొనసాగాలి. స్పాస్కీ రాలేదు, వదులుకుంటున్నానని ఫోన్ చేసి చెప్పేశాడు. 12½–8½. అంతకాలం అయిదేసి గంటలు కాచుకుని కూర్చుంటే, ఆఖరికి ఒక్క ఎత్తు కూడా పడకుండా అయిపోయింది. పోర్టోరికో ఆయనకి మహా కోపం వచ్చింది, ఆడి ఓడాలి గానీ ఫోన్‌లో ఓడటమేమిటని.

ఆ తర్వాత అమెరికాలో బజారుకి పోతే చదరంగం బోర్డు దొరికేది కాదు. వాళ్ళ చదరంగం సమాఖ్యలో సభ్యులు రెట్టింపయ్యారు. అంతా ఫిషర్ పుణ్యమని రాశారు. ఫిషర్ పుణ్యమే, కాదనను. కానీ ఫిషర్ ఎవరికీ ఏమీ చెప్పలేదు కదా? ఆ వేసవిలో ఎవరి నోట్లోంచి జనానికి చదరంగం చెవినపడింది? ఆ ఫిషర్ 1975లో కార్పోవ్‌తో ఆడకుండానే కిరీటం వదిలేసుకున్నాడు, 1992 దాకా కంటికి కనపడలేదు. తర్వాత ఆయన మాట్లాడిన మాటలు వినకపోవడమే మంచిది. 2008లో అదే ఐస్‌లాండ్‌లో పోయాడు, అక్కడే పూడ్చారు.

లైమన్ మాత్రం చెప్పడం ఆపలేదు. పేపర్లకి చదరంగం శీర్షిక రాయడం మొదలుపెట్టి దశాబ్దాలపాటు రాస్తూనే ఉన్నాడు, ఊరూరా పేపర్లలో వచ్చేది. 1980ల్లో కాస్పరోవ్, కార్పోవ్ పోటీపడినప్పుడు మళ్ళీ టీవీలోకి వచ్చాడు. అప్పటికి నేను న్యూజెర్సీలో ప్రాక్టీసు పెట్టాను, మీ నాన్న నా పక్కన కూర్చుని నిద్రపోయేవాడు. 1972లో ఆయన పక్కన విశ్లేషణ చెప్పిన కుర్రాడొకడు బ్రూస్ పాండొల్ఫిని. తర్వాత అమెరికాలో పేరుమోసిన చదరంగం మాస్టారయ్యాడు. జాష్ వెయిట్జ్‌కిన్ అనే పిల్లాడికి ఆయన నేర్పిన కథనే సినిమా తీశారు. అది మీరు చూసే ఉంటారు. ఆ కొమ్మ మొలిచింది కూడా ఆ గోడ బోర్డు దగ్గరే.

ఇప్పటి వ్యాఖ్యాతలు బాగా చెప్పరా తాతయ్యా అంటావు. బాగానే చెప్తారు. లైమన్ కంటే ఆట బాగా వచ్చినవాళ్ళు, గ్రాండ్‌మాస్టర్లే కూర్చుని చెప్తున్నారు. మన గుంటూరు హరికృష్ణ 2001లో గ్రాండ్‌మాస్టర్ అయ్యాడు, ఆ మరుసటేడు హంపి, పదిహేనేళ్ళకే. హారిక ఉంది. వరంగల్ వైపు అర్జున్ ఉన్నాడు. మా కాలంలో దేశం మొత్తానికి ఒక్క గ్రాండ్‌మాస్టర్ లేడు, మొదటివాడు ఆనంద్ వచ్చేసరికి 1988 అయింది. ఇప్పుడు మీకు లోటేముంది? నా పేచీ ఆ తెర పక్కన పైకీ కిందికీ పోయే నలుపు తెలుపు పట్టీతోనే. మొన్న హంపి ఆట పెట్టావు చూడు. ఆవిడ ఎత్తు వేసింది. నువ్వు బోర్డు చూశావా? పట్టీ చూశావు. పట్టీ కిందికి దిగింది, అయ్యో తప్పు అన్నావు. ఎందుకు తప్పురా అంటే, కంప్యూటర్ ఇంజను చెప్పింది అన్నావు. ఆ వ్యాఖ్యాత కూడా అదే చూసి, ఆ తర్వాత కారణం వెతుక్కుంటున్నాడు. ఆవిడ అక్కడ అరగంట తల పట్టుకుని ఆలోచించింది, మీ ఇద్దరికీ అర సెకను పట్టింది. మా పోర్టోరికో ఆయనకి ఆ పట్టీ ఉండి ఉంటే రెంచి కిందపెట్టేవాడా? నోరు విప్పేవాడా?

సరే, అంత ఇదిగా ఉంటే ఆ మొదటి ఆట నీ ఫోన్లో పెట్టు. 29వ ఎత్తు, ఆ శకటు బంటుని తిన్న చోటు. ఏమంటోంది నీ ఇంజను? సమానమా? ఊఁ. నాకు తెలుసు. శకటు పోయినా ఆట డ్రా చేసుకోవచ్చని, అసలు తప్పు తర్వాతెప్పుడో జరిగిందని పెద్ద పెద్ద గ్రాండ్‌మాస్టర్లు పుస్తకాలే రాశారు. నేనడిగేది అది కాదు. ఫిషర్ ఎందుకు తిన్నాడు? ఏ దారిలో బయటికి రాగలననుకున్నాడు?

దానికొక దారి చెప్తారు. విను. తెల్లవాడు జీ3 జరిపి తలుపు మూశాడు. నల్లవాడు హెచ్ బంటుని తోసుకుంటూ పోతాడు, హెచ్5, హెచ్4, హెచ్3. ఈలోపు తెల్ల రాజు ఈ2, ఎఫ్3 మీదుగా జీ4కి వస్తాడు. నల్ల శకటు జీ1కి జారుకుంటుంది. తెల్ల రాజు హెచ్3 మీది బంటుని తింటాడు. శకటు ఎఫ్2 మీది బంటుని తింటుంది. బయటపడిపోయింది కదా! ఫిషర్ ఇక్కడిదాకా చూసి ధైర్యంగా తిన్నాడని అంటారు. కానీ తెల్లవాడికి ఇంకొక్క ఎత్తుంది, అది వేస్తే శకటు మళ్ళీ బోనులో పడుతుంది. తెల్ల రాజు హెచ్3లో ఉన్నాడు, తెల్ల శకటు ఇంకా సీ1లోనే, కదలకుండా ఉంది.

ఆ ఫోన్ మీ నాయనమ్మకిచ్చి రా. అమ్మడూ, నువ్వు కూడా చెప్పొచ్చు, తప్పైనా ఫరవాలేదు. తెల్లవాళ్ళ ఎత్తు. ఏం వేస్తారు?